సోలార్‌పంక్ కథ: స్వతంత్ర రచన, స్వేచ్ఛా పంపకం – గుంటూరు, ప్రకాశం ప్రాంతాల నేపథ్యం

ఎండతో, గాలితో నడుస్తూ, నలుగురూ కలిసి నిర్వహించుకునే సమాజాన్ని ఊహించి రాసే కథాసాహిత్యాన్ని సోలార్‌పంక్ అంటున్నారు. సైన్స్ కథల్లో ఇదొక పాయ. భవిష్యత్తు అనగానే ప్రళయం, పతనం, కంపెనీల రాజ్యం తప్ప మరేమీ కనబడని కథల మీద విసుగు పుట్టి, వాతావరణ సంక్షోభాన్ని దాటిన మనుషులు ఎలా బతుకుతారో చూపించాలన్న పట్టుదలతో ఇది మొదలైంది. ఈ కథల్లో యంత్రం కన్నా ఆ యంత్రం మీద హక్కు ఎవరిదన్నదే పెద్ద ప్రశ్న. నీరు, విత్తనం, కరెంటు ఉమ్మడిగా ఉండాలని రాసే రచయిత తన కథను మాత్రం తాళం వేసి ఉంచుకుంటే పొసగదు. అందుకే ఈ పాయలో రాసేవారు పలువురు తమ రచనలను ఎవరైనా చదువుకునేలా, పంచుకునేలా ఉచితంగా విడుదల చేస్తుంటారు.

తెలుగులో ఈ పేరుతో ఒక శాఖ ఇంకా స్థిరపడలేదు. కానీ దానికి కావలసిన సరుకు, సంప్రదాయం రెండూ గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల నల్లరేగడి మైదానంలో వందేళ్లుగా ఉన్నాయి. ఈ వ్యాసం ప్రధానంగా వాటి గురించే.

పుట్టుక

సోలార్‌పంక్ అనే మాట 2008 ప్రాంతంలో వినబడింది. తొలి కథాసంకలనం 2012లో బ్రెజిల్‌లో, పోర్చుగీసు భాషలో, జెర్సన్ లోడి-రిబేరో సంపాదకత్వంలో వచ్చింది. దాని ఇంగ్లిషు అనువాదం 2018లో వెలువడింది. ఈలోగా 2014లో ఆడమ్ ఫ్లిన్ ఒక ప్రణాళిక లాంటి వ్యాసం రాశాడు. 2017లో 'సన్‌వాల్ట్' సంకలనం వచ్చింది. బెకీ ఛేంబర్స్ 2021లో రాసిన 'ఎ సామ్ ఫర్ ది వైల్డ్-బిల్ట్' అనే నవలికకు 2022లో హ్యూగో బహుమతి దక్కాక ఈ పేరు సైన్స్ కథల అభిమానుల్ని దాటి బయటివారికీ తెలిసింది. ఆసియా, పసిఫిక్ ప్రాంతాల నగరాల మీద 2021లో వచ్చిన 'మల్టీస్పీషీస్ సిటీస్' సంపాదకుల్లో మన దేశానికి చెందిన రజత్ చౌధురి ఒకరు.

ఈ పేరు పుట్టకముందే ఈ తీరు కథలు ఉన్నాయి. ఎర్నెస్ట్ కాలెన్‌బాక్ రాసిన 'ఎకోటోపియా'ను ప్రచురణకర్తలు వరసగా తిప్పి పంపితే, మిత్రుల సాయంతో 1975లో సొంతంగా అచ్చు వేయించుకున్నాడు. తర్వాత పెద్ద సంస్థలే దాన్ని తీసుకున్నాయి. అంటే ఈ పాయకు మూలపురుషుడి వంటి పుస్తకం కూడా రచయిత సొంత ఖర్చుతో బయటికి వచ్చిందే.

మద్రాసు పత్రికలో 1905 నాటి కథ

గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది. ఆ మరుసటి ఏడాది, ఈ జిల్లా అప్పట్లో ఉన్న రాష్ట్రానికి రాజధాని అయిన మద్రాసు నుంచే వెలువడే 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో బెంగాలీ రచయిత్రి రొకేయా సఖావత్ హుస్సేన్ ఇంగ్లిషులో రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' అచ్చయింది. పత్రిక సంపాదకురాలు కమలా సత్యనాథన్, బందరు నోబుల్ కాలేజీలో చదువుకున్న తెలుగు మహిళ. ఆ కథలో దేశాన్ని స్త్రీలు ఏలుతుంటారు, మగవాళ్లు ఇంటిపట్టున ఉంటారు. వంటింట్లో పొగ లేదు, బొగ్గు లేదు. ఎండవేడిమిని పట్టి నిలవచేసి వంట చేస్తారు. మబ్బుల్లోంచి నీటిని దించుకుంటారు. శత్రుసైన్యం మీదికి అదే ఎండవేడిమిని మళ్లించి తరిమికొడతారు. ఇవన్నీ ఆడవాళ్ల విశ్వవిద్యాలయాల్లో జరిగిన పరిశోధనల ఫలితాలు.

ఇప్పుడు సోలార్‌పంక్ అని చెబుతున్న లక్షణాలు చాలావరకు అందులోనే ఉన్నాయి. పైగా యంత్రం ఎవరి చేతిలో ఉందన్నదే కథకు కీలకం. 2024లో యునెస్కో ఈ కథను ఆసియా-పసిఫిక్ ప్రాంత స్మృతి సంపదల జాబితాలో చేర్చింది. రొకేయా 1932లో మరణించింది కాబట్టి రచన మీద హక్కుల గడువు ఎప్పుడో తీరిపోయింది. ఎవరైనా తెలుగు చేసి పంచవచ్చు. తెలుగు రచయిత ఈ పాయలోకి దిగాలంటే ఇంతకన్నా మంచి మొదటి మెట్టు ఉండదు.

గుంటూరు సీమలో పూర్వరంగం

మరోలాంటి సమాజాన్ని ఊహించడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. సత్తెనపల్లి దగ్గరి వేములూరుపాడులో పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో ఉండగా రాసిన 'మాలపల్లి' 1922లో వెలువడింది. 'సంగవిజయం' దాని మరో పేరు. దళిత కుటుంబాన్ని కథకు నడిమధ్యన నిలబెట్టి, కూలి, భూమి, చదువు, సహకారం ఎలా ఉండాలో చర్చించిన నవల అది. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. అందులో సౌరశక్తి లేదు, సైన్సు లేదు. అయినా, ఉన్న లోకాన్ని చూపిస్తూనే ఉండవలసిన లోకాన్ని అదే ఊళ్లో కట్టి చూపడం ఎలాగో నేర్చుకోవాలంటే తెలుగులో ముందుగా చదవవలసిన నవల అదే. ఉన్నవ 1958లో కన్నుమూశారు. భారతీయ చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కులు ఉంటాయి కాబట్టి, 2019 జనవరి 1 నుంచి 'మాలపల్లి' అందరిదీ అయింది.

రెండోది కథ కాదు, జరిగిన సంగతి. చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచినందుకు నిరసనగా, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం ఇళ్లు వదిలి ఊరి బయటికి వెళ్లిపోయారు. పాకలు వేసుకుని రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. తగువులు తామే తీర్చుకుంటూ, 'రామదండు' సేవకులతో ఊరి పనులు చూసుకుంటూ సుమారు 11 నెలలు అక్కడే ఉన్నారు. వేసవి ఎండల్లో తాటాకు పాకల కింద నేతగాళ్ల కుటుంబాలు ఒక ఊరిని మొదటినుంచి కట్టుకున్న ఆ 11 నెలలు భవిష్యత్ కథకు ఎంత ముడిసరుకో తెలుగు కథకులు ఇంకా సరిగా గుర్తించలేదనిపిస్తుంది.

పంట, నీరు, హక్కు

నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీళ్లు వదిలాక ఈ మైదానం రూపు మారింది. పత్తిని తెల్ల బంగారం అన్నారు. పురుగుమందు కొట్టేకొద్దీ పురుగు మొండికేసింది. 1987–88లో తెల్లదోమ విరుచుకుపడి గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతుల్ని ముంచింది. అప్పుల పాలైనవారిలో పలువురు అదే మందు తాగి ప్రాణాలు తీసుకున్నారు. 2002లో బీటీ పత్తి వచ్చింది, తర్వాత గులాబీ పురుగు దానికీ అలవాటుపడింది. మిరపకు బొబ్బర తెగులు పాత శత్రువు. 2021లో నల్ల తామర పురుగు పూతనంతా పీల్చేసి కొత్త శత్రువైంది. ఈ నేల మీద రాసే ఆశావహ కథ ఈ చరిత్ర మీదుగా నడవవలసిందే. దీన్ని తప్పించుకుని పచ్చటి భవిష్యత్తులోకి దూకేస్తే చిలకలూరిపేట రైతు ఆ కథను నమ్మడు.

నమ్మదగిన మరో సంగతి కూడా ఇక్కడే నడుస్తోంది. గుంటూరు కేంద్రంగా పనిచేసే రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి వ్యవసాయ కార్యక్రమాన్ని రాష్ట్రమంతటా నడుపుతోంది. పొదుపు సంఘాల మహిళలే దీనికి వెన్నెముక. పది కిలోల ఆవుపేడ, మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గట్టు మీది గుప్పెడు మట్టి 200 లీటర్ల నీటిలో కలిపితే ఎకరానికి సరిపడా ద్రవజీవామృతం తయారవుతుంది. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను ఏడాది పొడవునా పచ్చగా కప్పి ఉంచుతారు. 2024లో ఈ కార్యక్రమానికి పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతి వచ్చింది; శాస్త్రవేత్త రత్తన్ లాల్, ఈజిప్టు సంస్థ సెకెం దాన్ని కలిసి పంచుకున్నారు. పత్తి వైపు చూస్తే, ఉజ్రమ్మ మొదలైనవారు రూపొందించిన 'మల్కా' పద్ధతి ఉంది. దూదిని బేళ్లుగా బిగించి దూరపు మిల్లులకు పంపకుండా, చేలకు దగ్గరలోనే చిన్న యంత్రాల మీద నూలు తీసి చేనేతకు అందించడం దాని ఆలోచన. సోలార్‌పంక్ రచయితలు ఇతర దేశాల్లో ఊహించి రాస్తున్నవి ఇక్కడ కొంతవరకు చేతికందే దూరంలో ఉన్నాయి.

అయితే కథ పరికరంలో ఉండదు. మిరప కల్లాన్నే తీసుకుందాం. పండు కాయ కోశాక పది పదిహేను రోజులు ఎండాలి. పొద్దున్నే పట్టాలు తీసి కాయను పలచగా నెరపాలి, మధ్యాహ్నం కలియదిప్పాలి, మంచు పడకముందే కుప్ప చేసి మళ్లీ పట్టా కప్పాలి. రాత్రి కల్లంలోనే కాపలా పడుకోవాలి. ఒక్క వాన తగిలితే కాయ రంగు విరిగి తాలుగా తేలుతుంది. మిర్చి యార్డులో టిక్కీ (బస్తా) విప్పిన క్షణాన ధర కుప్పకూలుతుంది. తడి నేల మీద బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరితే ఎగుమతికీ పనికిరాదు. ఇలాంటి ఊళ్లో పొదుపు సంఘం ఎండతో నడిచే ఆరబెట్టే గది ఒకటి కట్టిందనుకుందాం. కోతలన్నీ ఒకే వారంలో పడితే ముందు వంతు ఎవరిది? కౌలు రైతు కాయకూ భూమి ఉన్నవాడి కాయకూ ఒకే వరసా? నేల మీద ఆరబోత తప్పాక కల్లం పనితో బతికే కూలీ మనిషికి ఏం మిగిలింది? ఫిబ్రవరిలో ఫ్యాను చెడిపోతే బాగుచేయడం ఊళ్లో ఎవరికి వచ్చు? ఈ ప్రశ్నలకు జవాబులు వెతికే కథే ఇక్కడి సోలార్‌పంక్ కథ అవుతుంది. సౌర పలకల నీలిరంగు మెరుపును వర్ణించడం దగ్గర ఆగిపోతే అది ప్రకటన.

కౌలు మాట మరీ ముఖ్యం. ఈ మైదానంలో మిర్చి, పత్తి వేసేవారిలో కౌలుదారులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కార్డు రావాలంటే యజమాని సమ్మతి కావాలి. నేల ఎవరి పేరున ఉందన్నది తేలకుండా నేలను బాగుచేసే కలలు నిలవవు. మూడేళ్లు జీవామృతం పోసి మట్టిని గుల్లబరిచిన కౌలుదారును నాలుగో ఏడు ఖాళీ చేయమంటే ఆ మట్టి ఎవరిది? ఒక నవలకు చాలినంత ఉంది ఇందులో.

నీటి సంగతీ అంతే. అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో దళితుల మంచినీటి చెరువు దగ్గర మొదలైన గొడవ 1985 జూలై 17న ఆరుగురి హత్యల దాకా వెళ్లింది. బాధితులు చీరాలలో తలదాచుకున్నారు. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. చెరువు ఉమ్మడిది అని రాసేటప్పుడు ఆ ఉమ్మడిలో ఎవరున్నారో, ఎవరిని బయట నిలబెట్టారో చెప్పకుండా ఈ నేల మీద కథ రాయడం అన్యాయం.

రాజధాని అమరావతి కూడా ఈ చర్చలోకి వస్తుంది. 2015 నుంచి 29 గ్రామాల్లో 30 వేల ఎకరాలకు పైగా భూసమీకరణ జరిగింది. ఆ నగరం కోసం ఫోస్టర్ వాస్తుశిల్ప సంస్థ గీసిన చిత్రాల్లో చెట్లు, నీళ్లు, సౌరశక్తి, పచ్చిక కనుచూపుమేర ఉన్నాయి. అవి చూడటానికి సోలార్‌పంక్ చిత్రాల్లాగే ఉంటాయి. కృష్ణ ఒడ్డు జరీబు భూముల్లో పూలు, కూరగాయలు కోసి రోజుకూలి తెచ్చుకున్న భూమిలేని కుటుంబాలు ఆ చిత్రాల్లో ఎక్కడున్నాయో వెతకడం కథకుడి పని.

పడవలో వచ్చిన పుస్తకం

ఇక పంచడం. ఈ విషయంలో గుంటూరు సీమ ఎవరి దగ్గరా నేర్చుకోనక్కర్లేదు. వేటపాలెంలో సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో మొదలైంది. 1929లో గాంధీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. పాత పత్రికల కోసం పరిశోధకులు ఇప్పటికీ అక్కడికి వెళుతుంటారు. 1935లో పాతూరి నాగభూషణం మరో అడుగు వేశారు. కృష్ణా కాలువ మీద పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య తిరిగే పడవలో పుస్తకాలు పెట్టి నౌకా గ్రంథాలయం నడిపారు. ప్రయాణికులు దారిలో చదువుకునేవారు, ఒడ్డునున్న ఊళ్లకూ పుస్తకాలు అందేవి. పాఠకుడు గ్రంథాలయానికి రాకపోతే గ్రంథాలయమే పాఠకుడి దగ్గరికి వెళ్లాలన్న ఆ ఆలోచనకూ, ఫోనులోకి ఉచితంగా చేరే నేటి కథకూ మధ్య చుట్టరికం చాలా దగ్గరిది.

రచయితే డబ్బు పెట్టి అచ్చు వేయించుకోవడం, సభలో ప్రతులు పంచిపెట్టడం, వెల దగ్గర 'అమూల్యం' అని వేయడం తెలుగులో ఎప్పటినుంచో ఉన్నవే. కొరవడింది ఒకటే: పాఠకుడు ఆ పుస్తకంతో ఏమేం చేయవచ్చో రాసిపెట్టడం. ఉచితంగా ఇచ్చిన పుస్తకాన్ని మరొకరు జిరాక్సు తీయవచ్చా, నాటకం కట్టవచ్చా, కన్నడంలోకి అనువదించవచ్చా అన్నది చెప్పకపోతే, రచయిత పోయాక వారసుల్ని వెతుక్కుంటూ తిరగాలి. ఎన్నో మంచి పుస్తకాలు ఇలాగే మరుగున పడిపోయాయి.

హక్కులు, లైసెన్సులు

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం కథ రాసిన క్షణం నుంచే హక్కు రచయితది, రిజిస్ట్రేషను అక్కర్లేదు. ఆ హక్కును ఉంచుకుంటూనే అందరికీ అనుమతి ఇచ్చే మార్గం క్రియేటివ్ కామన్స్. దీని తొలి లైసెన్సులు 2002 డిసెంబరులో వచ్చాయి. మరుసటి నెలలోనే సైన్స్ కథల రచయిత కోరీ డాక్టరో తన తొలి నవలను ఆ పద్ధతిలో ఉచితంగా విడుదల చేసి, అచ్చు ప్రతులను దుకాణాల్లో అమ్ముకున్నాడు. మన దేశంలో ప్రథమ్ బుక్స్ వారి 'స్టోరీవీవర్' 2015 నుంచి పిల్లల కథలను, తెలుగుతో సహా, ఇలాగే పంచుతోంది. తమిళంలో 'ఫ్రీతమిళ్ఈబుక్స్' 2013 నుంచి రచయితల అనుమతితో ఈ పనే చేస్తోంది. తెలుగులో ఈ స్థాయిలో కథలకూ నవలలకూ ప్రత్యేకించి ఒక ఏర్పాటు కావాలి.

లైసెన్సులో నాలుగు షరతుల్ని కలిపీ విడదీసీ వాడతారు. రచయిత పేరు చెప్పాలన్నది మొదటిది. మార్చి రాసినదాన్ని కూడా అదే లైసెన్సుతో పంచాలన్నది రెండోది. వ్యాపారానికి వాడకూడదన్నది మూడోది, మార్చకూడదన్నది నాలుగోది. కొత్త రచయితలు భయంతో చివరి రెండూ పెట్టేస్తుంటారు. దాంతో అనువాదానికి, రేడియో నాటకానికి మళ్లీ అనుమతి అడగవలసి వస్తుంది. తెలుగు వికీసోర్స్‌లో పెట్టడమూ కుదరదు. మొదటి రెండు షరతులు చాలు. ఎవరైనా కథను సినిమా తీసి సొమ్ము చేసుకుంటారన్న బెంగ ఉంటే, రెండో షరతు ఉన్నప్పుడు ఆ సినిమానూ అదే పద్ధతిలో పంచవలసి ఉంటుందని గుర్తుంచుకోవాలి. ఒకసారి ఇచ్చిన లైసెన్సును వెనక్కి తీసుకోలేరు కాబట్టి ఆలోచించే ఇవ్వాలి. కథను అంతకుముందే ఏదైనా పత్రికకో సంకలనానికో హక్కులతో రాసిచ్చి ఉంటే ఆ పత్రం చూసుకోవాలి. గడువు రాయని ఒప్పందానికి చట్టం ఐదేళ్లనే లెక్కగడుతుంది. రచయితగా తన పేరు కోరే హక్కు, రచనను వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు 57వ సెక్షను కింద ఎప్పటికీ ఉంటాయి.

ఫైలు, ఫాంటు

ఉచితం అన్నంత మాత్రాన కథ అందదు. డీటీపీ కేంద్రాల్లో చాలాకాలం యూనికోడ్ కాని అను ఫాంట్లతో కంపోజు చేశారు. ఆ ఫైలును యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు తారుమారవుతాయి, అరసున్నలు ఎగిరిపోతాయి. మళ్లీ వాక్యం వాక్యం దిద్దుకోవాలి. మొదటినుంచీ యూనికోడ్‌లో రాయడం మేలు. మండలి, రామభద్ర, సురన్న, ఎన్టీఆర్ లాంటి ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతాయి కాబట్టి పుస్తకంలో పొదిగి పంచినా ఇబ్బంది లేదు. వాట్సాప్‌లో తిరిగే ఏ4 పీడీఎఫ్‌ను ఆరంగుళాల తెర మీద వేళ్లతో సాగదీసుకుంటూ చదివే ఓపిక ఎవరికీ ఉండదు. అక్షరం తెరకు తగ్గట్టు సర్దుకునే ఈపబ్, దాంతోపాటు చిన్న పేజీల పీడీఎఫ్ పెడితే చాలావరకు సరిపోతుంది. పేజీని ఫొటో తీసి పెడితే, చూపు లేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అందులో ఒక్క అక్షరమూ దొరకదు. మిర్చి యార్డు పనిలోనో, ముచ్చికలు తీసే షెడ్డులోనో ఉన్నవాళ్లకు చేరాలంటే కథను చదివి రికార్డు చేయడం అన్నింటికన్నా దగ్గరి దారి.

అచ్చు ప్రతులు

డిజిటల్ ప్రతిని ఉచితంగా పంచుతూనే అచ్చు ప్రతిని అమ్ముకోవచ్చు. ఒకటి రెండోదానికి అడ్డు రాదు. ఐఎస్‌బీఎన్ సంఖ్యను రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ రుసుము లేకుండా ఇస్తుంది. రచయితే ప్రచురణకర్త అయినప్పుడు 1954 నాటి గ్రంథాల అప్పగింత చట్టం వర్తిస్తుంది. పుస్తకం వెలువడిన 30 రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి సొంత ఖర్చుతో పంపాలి. సొంతంగా వేసుకునేవారిలో చాలామంది ఈ పని చేయరు. వేటపాలెం సారస్వత నికేతనానికి, 1997లో కాళీపట్నం రామారావు శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయానికి ప్రతులు పంపమని ఏ చట్టమూ అడగదు. ఆ రెండుచోట్లకూ పంపిన పుస్తకాన్ని రేపటి పరిశోధకుడు వెతుక్కోగలడు.